బొమ్మిడాయికి ఆరడుగుల తొట్టి: ప్రాజెక్టు డైరీ

1వ వారం: ఏ చేప, ఎంత తొట్టి

గోదావరి జిల్లాల్లో పులుసుకు పేరుపడ్డ బొమ్మిడాయే ఈ ప్రాజెక్టులో చేప. శాస్త్రీయ నామం మాస్టాసెంబెలస్ ఆర్మేటస్. అక్వేరియం దుకాణాల్లో దీన్ని జిగ్‌జాగ్ ఈల్ అనీ, టైర్ ట్రాక్ ఈల్ అనీ అమ్ముతారు. ఒళ్ళు పాములా ఉన్నా ఇది అసలైన ఈల్ కాదు, ముళ్ళ ఈల్ కుటుంబానిది. వీపు రెక్కకు ముందు వరసగా చిన్న ముళ్ళు పొడుచుకొని ఉంటాయి. మన నదుల్లో దొరికే అసలైన ఈల్ మలుగుపాము. అది మీటరు దాటి పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. ఇంటి తొట్టిలో దాన్ని పెట్టాలని చూడకపోవడమే మంచిది.

బొమ్మిడాయి నదిలో 90 సెం.మీ. దాకా పెరగగలదు. తొట్టిలో 50 నుంచి 70 సెం.మీ. అనుకొని కొలతలు వేశాం. దుకాణంలో దొరికేది జానెడు పిల్ల. దాన్ని చూసి మూడడుగుల తొట్టి కొనేవాళ్ళు ఎక్కువ, ఏడాది తిరక్కుండానే అది చాలదు.

ఎంచుకున్న కొలతలు: పొడవు 183 సెం.మీ., వెడల్పు 76, ఎత్తు 51. దుకాణాల వాళ్ళు ఆరడుగుల పొడవుకు రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఇస్తారు. ఆ ఎత్తు ఈ చేపకు పనికిరాదు. ఇది నేలను అంటిపెట్టుకొని బతికే చేప, దానికి కావలసింది అడుగు వైశాల్యం. 70 సెం.మీ. చేప అడ్డంగా కూడా పూర్తిగా సాగి పడుకోగలగాలని వెడల్పు 76కి పెంచి, ఎత్తు తగ్గించాం.

గాజు 12 మి.మీ., పైన చుట్టూ 8 సెం.మీ. వెడల్పు గాజు పట్టీ. ఈ పట్టీ గోడలు ఉబ్బకుండా ఆపుతుంది, మూతకు ఆనుడుగా కూడా పనికొస్తుంది. అతుకులకు అక్వేరియం సిలికాన్ వాడి, ఏడు రోజులు ఆరనిచ్చి, ఆ తరవాత మూడు రోజులు నీళ్ళు నింపి చూడాలి.

బరువు లెక్క ముందే వేసుకోవాలి. నీళ్ళు 520 లీటర్లు, ఇసుక 140 కిలోలు, గాజు దాదాపు 130, స్టాండు 60. మొత్తం 850 కిలోలు తొట్టి అడుగున 1.4 చదరపు మీటర్ల మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకు 600 కిలోలు. ఇళ్ళలో గదుల నేలకు ఐఎస్ 875 ప్రమాణం చెప్పే లెక్క చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. అందుకే గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టాం. పై అంతస్తు అయితే కింద బీమ్ ఎటు పోతోందో తెలిసిన ఇంజనీరుకు చూపించకుండా ముందుకు పోవద్దు.

స్టాండు రెండంగుళాల చదరపు ఇనుప గొట్టం, 3 మి.మీ. మందం, రెడాక్సైడ్ మీద ఎనామెల్. పైన 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దాని మీద 12 మి.మీ. థర్మాకోల్. రసమట్టంతో రెండు వైపులా చూసి, తేడా ఉంటే స్టాండు కాళ్ళ కింద సరిచేయాలి. తొట్టి కింద చెక్కముక్కలు దోపితే గాజు పగులుతుంది.

2వ వారం: ఇసుక

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇసుకకే ఇచ్చాం, ఇవ్వాల్సిందే. బొమ్మిడాయి పగలంతా ఇసుకలో కూరుకొని ముక్కు మాత్రం బయటికి పెట్టి ఉంటుంది. ఆ చర్మం మీద పొలుసులు మరీ సన్నం, కాపాడేది జిగురే. గరుకు ఇసుక ఆ జిగురును గీకేస్తుంది. గీకిన చోట ముందు తెల్లమచ్చ, తరవాత పుండు. చేపకు రోగమొచ్చిందని మందులు పోస్తూ పోతారు కానీ కారణం కింద ఉంటుంది.

రోబో ఇసుక వద్దు. అది రాయిని పగలగొట్టి చేసింది, ప్రతి రేణువుకూ అంచు ఉంటుంది. అక్వేరియం దుకాణాల రంగు గులకరాళ్ళు కూడా వద్దు, వాటిలోకి చేప దూరలేదు. కావలసింది ప్లాస్టరింగుకు వాడే సన్నని ఏటి ఇసుక. నీళ్ళలో దొర్లి దొర్లి అంచులు అరిగి ఉంటుంది.

జల్లెడ రెండుసార్లు పట్టాలి. మొదట మేస్త్రీల ప్లాస్టరింగు జల్లెడతో గులకలు, గవ్వలు పోతాయి. తరవాత దోమల జాలీ బిగించిన చట్రంతో జల్లిస్తే కిందికి దిగేది సుమారు ఒక మిల్లీమీటరు లోపు రేణువు. ఏటి ఇసుకలో నత్తగుల్లల పొడి ఉంటుంది, అది నీటి గట్టిదనాన్ని పెంచుతూ పోతుంది. గుప్పెడు ఇసుక గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోస్తే తెలుస్తుంది. ఒకటీ రెండూ బుడగలు వస్తే ఫరవాలేదు, నురగలా పొంగితే ఆ లోడు వదిలేయడమే.

మన కొలతకు 7 సెం.మీ. లోతు నింపడానికి 93 లీటర్ల ఇసుక, అంటే 15 లీటర్ల బకెట్లు ఆరు నిండా, ఏడోదాంట్లో కొంచెం. బకెట్లో మూడోవంతు ఇసుక వేసి, పైపు అడుగుదాకా దించి, చేత్తో కలుపుతూ నీళ్ళు పొంగించాలి. బకెట్ నిండా వేసి కడిగితే పైన తేరుతుంది, అడుగున బురద అలాగే ఉంటుంది. పొంగే నీళ్ళలోంచి బకెట్ అడుగు కనిపించేదాకా ఆపొద్దు.

లోతు 7 దగ్గర ఎందుకు ఆపామంటే, పిల్ల చేప పూర్తిగా మునగడానికి 5 చాలు. 10 దాటితే అడుగున గాలి ఆడక ఇసుక నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన పట్టుకుంటుంది. చేప తిరిగే మధ్యభాగం అదే తిరగేస్తుంది. మూలలు మాత్రం నీళ్ళు మార్చేటప్పుడు సన్న కర్రతో పైపైన కదపాలి.

రాళ్ళు, దుంగలు పెట్టదలిస్తే ఇసుక పోయకముందే తొట్టి అడుగున ప్లాస్టిక్ గ్రిడ్ పరిచి దాని మీద నిలబెట్టాలి. ఇసుక మీద పెట్టిన రాయి కింద చేప తవ్వుతుంది, రాయి ఒరుగుతుంది, కింద చేప నలుగుతుంది, లేదంటే గాజు పోతుంది.

3వ వారం: దాగుడు గొట్టాలు, మూత

ఇల్లు కట్టడానికి వాడే పీవీసీ గొట్టమే దీనికి మంచి గూడు. 75 మి.మీ. గొట్టం 60 సెం.మీ. ముక్కలు రెండు, 110 మి.మీ. ముక్క ఒకటి. రెండు చివరలూ తెరిచే ఉండాలి. ఒక చివర మూసిన గొట్టంలో నీరు కదలదు, చేప వెనక్కి రావడానికి కష్టపడుతుంది. కోసిన అంచును ముందు ఆకురాయితో, తరవాత 220 నంబరు సాండ్‌పేపర్‌తో వేలికి తగలనంత నున్నగా చేయాలి. కింది సగం ఇసుకలో పూడ్చితే పైకి కనిపించేది తక్కువ, చేపకు స్థిరంగా ఉంటుంది. చేప ఎదిగేకొద్దీ సన్న గొట్టాలు తీసేయాలి. బొద్దెక్కిన చేప ఇరుకు గొట్టంలో ఇరుక్కొని చచ్చిపోగలదు.

మూత గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇలా ఒళ్ళు సాగిన చేపలు చనిపోవడానికి పెద్ద కారణం రోగం కాదు, నేల మీద పడి ఎండిపోవడం. తల దూరిన సందులో ఒళ్ళంతా దూరుతుంది, తల చాలా సన్నం. రాత్రిళ్ళు గాజు అంచు వెంట ముక్కుతో తడుముతూ పోతుంది, సందు దొరికిందంటే దూరుతుంది. పైపులు, వైర్లు లోపలికి వచ్చే చోటే ఎక్కువ ప్రమాదం, వాటిని పట్టుకొని పైకి పాకుతుంది.

మూత 6 మి.మీ. గాజు, నాలుగు ముక్కలు, ఒక్కోటి 5 కిలోలకు దగ్గర. ఆ బరువును పిల్ల చేప ఎత్తలేదు కానీ ఎదిగిన చేప మూతను పక్కకు జరపగలదు, అందుకే ప్రతి ముక్కకూ స్టీలు కొక్కెం. పైపులు వచ్చే చోట స్పాంజి కుక్కి వదిలేయొద్దు, చేప దాన్ని తోసేస్తుంది. పైపు చుట్టుకొలతకు కోసిన యాక్రిలిక్ బిళ్ళ రెండు ముక్కలుగా చేసి స్క్రూలతో బిగించాం. ఎక్కడా 5 మి.మీ. మించి సందు ఉండకూడదు. గాలి ఆడడానికి నాలుగింట్లో ఒక ముక్క బదులు 4 మి.మీ. కన్నాల స్టెయిన్‌లెస్ స్టీలు జాలీని చట్రంలో బిగిస్తే వేసవిలో నీరు చల్లబడడానికి కూడా దారి ఉంటుంది. నీటిమట్టం పై అంచుకు 7 సెం.మీ. కింద.

నీళ్ళు సంప్‌కు, అంటే కింద ఉండే వడపోత తొట్టికి, పొర్లే చోట దువ్వెన లాంటి అడ్డు ఉంటుంది. దాని పళ్ళ మధ్య కూడా ఇదే 5 మి.మీ. నియమం. దాని పైభాగాన్ని కూడా మూసేయాలి. పైనుంచి దూకి సంప్‌లో తేలిన చేపల కథలు ఈ పనిలో ఉన్న ప్రతివాళ్ళూ వినే ఉంటారు.

4వ వారం: సంప్, వేడి

సంప్ 90 × 40 × 40 సెం.మీ., నడిచేటప్పుడు అందులో 80 లీటర్లు. ఖాళీ వదలడానికి కారణం కరెంటు. పంపు ఆగగానే పైతొట్టి నుంచి నీళ్ళు దిగుతాయి, ఈ వైశాల్యానికి ఒక్కో సెంటీమీటరుకు 13 లీటర్లు. తిరుగు పైపుకు నీటిమట్టం కిందే చిన్న కన్నం పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి వెనక్కి లాగడం ఆగుతుంది. చేప రాకముందే స్విచ్ కట్టేసి చూసుకోవాలి.

పంపు పెట్టె మీద రాసిన అంకె సున్నా ఎత్తుకు. మనకు 1.3 మీటర్ల ఎత్తు దగ్గర గంటకు 2,500 నుంచి 3,000 లీటర్లు కావాలి. పంపుతో వచ్చే గ్రాఫులో ఆ ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూసి కొనాలి. మొదటి అరలో స్పాంజి, రెండో అరలో సిరామిక్ రింగులు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు. ఈ స్క్రబ్బర్లు చవక, నీటిని శుభ్రపరిచే బ్యాక్టీరియా బాగా పడతాయి, సబ్బు కలపనివి ఎంచుకుంటే చాలు.

హీటర్లు 300 వాట్లవి రెండు, రెండూ సంప్‌లోనే. తొట్టిలో పెడితే చేప వెచ్చదనం కోసం హీటరుకు చుట్టుకొని కాలుతుంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి తప్పిస్తే వాటి పని తక్కువ. లక్ష్యం 25 నుంచి 28 డిగ్రీలు.

5 నుంచి 9 వారాలు: నీరు సిద్ధం

బోరు నీళ్ళు, మున్సిపల్ నీళ్ళు రెండూ పరీక్షించాలి. బోరు టీడీఎస్ 800 ఉంటే, 50 ఉన్న ఆర్‌వో నీళ్ళు సగం కలిపి 425కి తెచ్చుకోవచ్చు. ఈ చేప గట్టి నీటిని ఓర్చుకుంటుంది, అంకె నిలకడగా ఉండడం ముఖ్యం. ఉత్త ఆర్‌వో నీటితో నింపితే ఆమ్లాన్ని ఆపే శక్తి ఉండదు, పీహెచ్ 6 కిందికి పడి బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. బోరు నీటిని ఒక రాత్రి డ్రమ్ములో గాలి పెట్టి ఉంచాకే వాడాలి. మున్సిపల్ నీటి క్లోరిన్‌కు హైపో (సోడియం థయోసల్ఫేట్): క్లోరిన్ 2 పీపీఎం (లీటరుకు 2 మి.గ్రా.) అనుకుంటే 200 లీటర్లకు 2.8 గ్రాముల స్ఫటికాలు.

చేప లేకుండా సైకిల్ చేయడానికి, అంటే విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను ముందే పెంచడానికి, అమ్మోనియం క్లోరైడ్ వాడాం. మొత్తం 600 లీటర్లకు 3.8 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. ఇది కళాయి వేసేవాళ్ళ నవాసారమే, కానీ బజారు సరుకులో ఏం కలిసిందో చెప్పలేం. ల్యాబు రసాయనాలు అమ్మే చోట కొనాలి.

వరస ఇలా ఉంటుంది: ముందు అమ్మోనియా తగ్గడం మొదలవుతుంది, నైట్రైట్ పైకి లేస్తుంది, చాలా రోజులు అక్కడే కూర్చుంటుంది, తరవాత ఉన్నట్టుండి పడిపోతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. పాత తొట్టి స్పాంజి పిండి కలిపితే తొందరగా అవుతుంది. 2 పీపీఎం అమ్మోనియా వేశాక 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి, వరసగా రెండుసార్లు. అప్పుడు పెద్ద మోతాదులో నీళ్ళు మార్చి నైట్రేట్ దించాలి. హైదరాబాదు నీళ్ళ పీహెచ్ చాలాచోట్ల 8కి దగ్గర. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి కొంచెమే కదా అని ఇక్కడ వదిలేయడానికి లేదు.

10వ వారం: పిల్ల రాక, వేరుగా ఉంచడం

చేపల మార్కెట్లో బతికున్న బొమ్మిడాయి దొరుకుతుంది, కానీ గాలం దెబ్బ, వల గీతలు, బుట్టలో ఒరిపిడి తప్పవు. వెదురు మావులో (చేపలు పట్టే బుట్టలో) పడ్డ చేప, లేదా దుకాణంలో 12 నుంచి 15 సెం.మీ. పిల్ల నయం. కొనేముందు కడుపు వైపు చూడాలి. లోపలికి పీక్కుపోయి, తల వెనక కత్తిలా సన్నబడి ఉంటే వదిలేయాలి. మూతి చివర తొండం లాంటి కండ చెదరకుండా ఉండాలి. వాసన పట్టే గొట్టాలు ఆ మూతి మీదే ఉంటాయి, అది పోతే తిండి వెతుక్కోలేదు.

వలతో పట్టొద్దు, వీపు ముళ్ళు వలలో చిక్కుకుంటాయి. గొట్టంలో దూరనిచ్చి రెండు చివరలూ అరచేతులతో మూసి గొట్టంతో సహా ఎత్తడమే పద్ధతి. తొట్టి ఎంత పెద్దదైనా, చేప ఎంత ఎదిగినా ఇదే పద్ధతి.

నాలుగు వారాలు 100 లీటర్ల టబ్బులో. ముందే బ్యాక్టీరియా పట్టిన స్పాంజి ఫిల్టర్, ఒక ట్రేలో ఇసుక, గొట్టం ముక్క, మూత కట్టి. ఏటి నుంచి వచ్చిన చేప కడుపులో పురుగులు మామూలే. గుండ్రటి పురుగులకు లెవమిసోల్ లీటరుకు 2 మి.గ్రా., 24 గంటలు చీకట్లో, ఆపైన నీళ్ళు మార్చి, రెండు మూడు వారాలకు మరోసారి. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2 నుంచి 2.5 మి.గ్రా. నీళ్ళు సరిగ్గా కొలవకుండా మందు వేయొద్దు. రాగి ఉన్న మందులు ఈ చేపకు ప్రమాదం. ఫార్మాలిన్, మాలకైట్ గ్రీన్ కలిసినవి తప్పనిసరైతే సగం మోతాదుతో మొదలుపెట్టాలి.

తిండి: 10వ వారం నుంచి ఇప్పటిదాకా

మొదటి వారం పది రోజులు ఏమీ ముట్టకపోవచ్చు. వెలుగు ఎక్కువైనా, దాగే చోటు లేకపోయినా ఇంకా ఆలస్యమవుతుంది. లైట్లు ఆర్పిన గంటకు, గొట్టం ముందు, ఒక బతికున్న వానపాము. దీన్ని కాదనే బొమ్మిడాయి అరుదు.

వానపాముల్లో తేడా ఉంది. వర్మీకంపోస్టు యూనిట్లలో దొరికే ఎర్ర వానపాము ఐసీనియా ఫెటిడా, పట్టుకుంటే పసుపు రసం వదులుతుంది, దాని వాసనకు చాలా చేపలు ఉమ్మేస్తాయి. అదే యూనిట్లలో పెంచే ఆఫ్రికా రకం యుడ్రిలస్ యుజీనియే పొడవుగా, ఊదాగా మెరుస్తుంది, దాన్ని ఇష్టంగా తింటాయి. తెచ్చాక తడి గోనె ముక్కలో ఒక రోజు ఉంచితే కడుపులో మట్టి పోతుంది. మందులు కొట్టే పొలం నుంచి తవ్వి తేవొద్దు.

వానపాముకు అలవాటు పడ్డాక రొయ్యకు మళ్ళించాలి. కోసిన వానపాము ముక్కలతో వనామి రొయ్య కండ పీలికలు కలిపి ఓ పది నిమిషాలు ఉంచితే వాసన పడుతుంది. ప్రతిసారీ రొయ్య వాటా పెంచుతూ పోవాలి. పీలిక చేప నోటికన్నా సన్నంగా ఉండాలి, ఈ చేప నోరు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పట్టి తిరిగి తిరిగి తెంపుకుంటుంది కానీ ఆ తిప్పుడులో నీళ్ళు పాడవుతాయి. గోల్డ్‌ఫిష్ మేతగా వద్దు, అందులోని థయామినేజ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పైగా రోగాలు. ఎప్పుడూ రొయ్య ఒక్కటే కూడా వద్దు, వారంలో ఒక పూటైనా వానపాము ఉండాలి.

పిల్లకు రోజూ, 40 సెం.మీ. దాటాక వారానికి మూడుసార్లు. మిగిలిన ముక్కలు పొద్దున్నే తీసేయాలి, వదిలేస్తే చేప వాటిని ఇసుకలో తొక్కేస్తుంది.

మిగతా చేపలు తిండి లాగేసుకోవడం ఈ జాతికి శాపం. చూపు కన్నా వాసనతో వెతికేది కాబట్టి ఇది చేరేలోపు పళ్ళెం ఖాళీ. దీనికి పెట్టిన ఉపాయం: మూత నుంచి ఇసుక దాకా నిలువుగా 40 మి.మీ. పీవీసీ గొట్టం, అడుగున వేలెడు సందు, గూటి పక్కనే. పైనుంచి వేసిన ముక్క నేరుగా దాని ముక్కు ముందు పడుతుంది. తోడు చేపలు 12 సెం.మీ. దాటినవే, పగటిపూట పైన తిరిగేవే. జెల్లలు రాత్రిళ్ళు తిండి దోచుకుంటాయి. ప్లెకోలు (గాజుకు అతుక్కునే సక్కర్ చేపలు) నిద్రలో ఉన్న చేప ఒంటికి అతుక్కొని జిగురు నాకుతాయి. రెండో బొమ్మిడాయిని పెట్టొద్దు, గూటి కోసం కొట్టుకుంటాయి.

14వ వారం: పెద్ద తొట్టిలోకి

లైట్లు ఆర్పి వదలాలి. వెలుతురు తక్కువగా, పైన అంతరతామర తేలేలా ఉంచాం. మొక్కలు ఇసుకలో నాటితే ఒక్క రాత్రిలో పైకి తేలతాయి, అనుబియాస్, జావా ఫెర్న్ దుంగకు కట్టినవే నిలుస్తాయి. కొన్నాళ్ళు గాజు మూలల్లో ముక్కు రుద్దడం చూస్తే లైటు తగ్గించి, ఆ మూలకు ఒక గొట్టం జరపాలి.

పొద్దున చేప కనిపించకపోతే ముందు నేల, తరవాత సంప్, చివర ఇసుక. ఇసుకను తవ్వి వెతకొద్దు, రాత్రి తిండి వేసి చూస్తే తెలిసిపోతుంది. నేల మీద పడ్డ చేప ఒళ్ళు ఇంకా తడిగా ఉంటే ఆశ ఉంది. తడి చేత్తో ఎత్తి, తొట్టి నీళ్ళతో దుమ్ము కడిగి, టబ్బులో లీటరుకు ఒక గ్రాము అయోడిన్ లేని ఉప్పు వేసి, గాలి బాగా పెట్టి చీకట్లో వదలాలి.

వారానికి 200 లీటర్లు మార్చడం, నైట్రేట్ 20 పీపీఎం చుట్టూ ఉంచడం. ఈ రెండూ ఇప్పటిదాకా తప్పలేదు.

వేసవికి ముందు మిగిలిన పని

25 డిగ్రీల దగ్గర నీరు లీటరుకు 8.3 మి.గ్రా. దాకా ఆక్సిజన్ పట్టుకుంటుంది, 32 దగ్గర 7.3. వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీరు ఇవ్వగలిగేది తగ్గుతుంది. సంప్ మీద రెండు 12 సెం.మీ. ఫ్యాన్లు పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆరిన నీటిని ఆర్‌వో నీటితో నింపాలి, బోరు నీటితో నింపుతూ పోతే టీడీఎస్ పేరుకుంటుంది.

కరెంటు పోతే సంప్ పంపు 40 వాట్లు, ఇంటి ఇన్వర్టరు లైనుకు మార్చాం. హీటర్లు ఆ లైనులో వద్దు. ఇన్వర్టరూ దిగిపోతే 5 వాట్ల గాలి పంపుకు విడిగా 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. సగం వరకే వాడినా ఎనిమిది గంటలు వస్తుంది. వైరింగు అయింది. గాలి రాయి గొట్టం మూతలోకి వచ్చే చోట యాక్రిలిక్ బిళ్ళ కోయడం మిగిలింది.